మల్సూర్ గుండె గోడ

కృపారాణి తెచ్చిన బీపీ పట్టీ మల్సూర్ దండచేతికి చుట్టుకోలేదు. ఆమె రెండుసార్లు చుట్టింది. రెండుసార్లూ అంచు అతుక్కోకుండా ఊడి వచ్చింది. చుట్టూ మూగిన హమాలీలు గొల్లున నవ్వారు.

"సిస్టరమ్మా, అది మనుషుల కోసం జేసిన పట్టి. మా మల్సూరన్నకు లారీ ట్యూబు తేవాలె" అన్నాడు ధర్మేందర్.

అది సూర్యాపేట మార్కెట్ యార్డు. ఏప్రిల్ నెల. యాసంగి వడ్లు షెడ్లు నిండి, రోడ్ల మీదికి కూడా పారాయి. ఎండకు సిమెంటు నేల కాలుతోంది. కృపారాణి ఆ వార్డుకు ఏఎన్ఎం, ఇంటింటికీ తిరిగే నర్సు. ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ చూడమని పై నుంచి ఉత్తర్వు వస్తే, ఇళ్ల దగ్గర మగవాళ్లు దొరకడం లేదని, మెషిన్ సంచిలో వేసుకుని పని జరిగే చోటికే వచ్చింది.

"పట్టకపోతే ఇంక జర గుంజి సుట్టు" అన్నాడు మల్సూర్.

"గుంజి చుడితే లెక్క తప్పు వస్తదన్నా. చిన్న పట్టీతోని చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది. తప్పు లెక్క నేను రాయను" అని ఆమె మెషిన్ సర్దుకుంది. మరో ఇద్దరు ముగ్గురిని చూసి వెళ్లిపోయింది. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు మల్సూర్.

మరునాడు పదింటికి మళ్లీ వచ్చింది. ఈసారి వెడల్పాటి పెద్ద పట్టీ ఒకటి ఎక్కడినుంచో సంపాదించి తెచ్చింది. ఒక్క చెయ్యి కోసం ఆమె ఆ ఎండలో నడిచి వచ్చిందంటే మల్సూర్‌కు కాదనడానికి నోరు రాలేదు.

మల్సూర్‌ది పెన్‌పహాడ్ వైపు ఒక చిన్న ఊరు. తండ్రి గొర్రెలు కాసేవాడు. ఇరవై రెండేళ్ల వయసులో పని వెతుక్కుంటూ సూర్యాపేట వచ్చి, మొదటి రోజే తన కంటే బరువైన బస్తాలు ముప్పై మోశాడు. రాత్రి వీపు మంటకు బోర్లా పడుకుని, తెల్లారి మళ్లీ వచ్చాడు. ఆ రావడం ఇరవై తొమ్మిదేళ్లు ఆగలేదు. ఇప్పుడు తనతో బస్తాలు మోసే హమాలీల ముఠాకు అతనే పెద్ద. బస్తా వీపు మీద పడగానే దాని తూకం చెప్పేవాడు. కిలో తేడా వస్తే వచ్చిందేమో, రెండు కిలోల తేడా ఎప్పుడూ రాలేదు. కాంటా పాడైన రోజు రైతులు అతని మాట మీద సరుకు వదిలిన సందర్భాలున్నాయి. అతని భార్య బాలనర్సమ్మ అదే యార్డులో వడ్లు జల్లెడ పట్టి ఊడ్చే పని చేస్తుంది. ఒక్కడే కొడుకు రాజ్‌కుమార్, ఆటో నడుపుతాడు.

దవాఖాన అంటే మల్సూర్‌కు ఇతరులను చూడటానికి వెళ్లే చోటు. బీపీ అంటే కుర్చీలో కూర్చునేవాళ్లకు, ఊరికే కోపం తెచ్చుకునేవాళ్లకు వచ్చేది.

కృపారాణి అతన్ని షెడ్డులో కుర్చీ మీద కూర్చోబెట్టింది. వీపు ఆనించి, రెండు పాదాలు నేలకు మోపి, చెయ్యి బల్ల మీద పెట్టమంది. "అయిదు నిమిషాలు మాట్లాడకు" అంది. మల్సూర్‌కు ఆ అయిదు నిమిషాలు లారీ దించడం కంటే కష్టమయ్యాయి. పట్టీ బిగిసింది, వదిలింది. ఆమె అంకె రాసుకుంది. కాసేపాగి మళ్లీ బిగించింది. మొదటిసారి నూట ఎనభై ఎనిమిది. రెండోసారి నూట ఎనభై నాలుగు. కింది అంకె రెండుసార్లూ నూట పది దాటింది.

"తలనొప్పి ఉంటదా అన్నా? కండ్లు తిరుగుడు?"

"ఏం లేదు."

"దమ్ము? ఆయాసం?"

"బస్తా పై వరసకు ఎక్కించేటప్పుడు జరంత. యాభై ఒకటి వచ్చినయి గదా."

"అదే నా పరేషాన్. ఇది నొప్పి పెట్టదు. నొప్పి పెడితే మీరే ఉరికొస్తరు, నేను రావాల్సిన పనే లేదు" అంది కృపారాణి.

పీహెచ్‌సీకి తీసుకెళ్లి డాక్టరుకు చూపించి గోలీలు ఇప్పించింది. మల్సూర్ పది రోజులు వేసుకున్నాడు. వేసుకోకముందు ఎలా ఉన్నాడో వేసుకున్నాకా అలాగే ఉన్నాడు. ముందు నొప్పి లేదు, తరువాత నొప్పి లేదు. ఇక ఎందుకని గోలీల పట్టీ గూట్లో పడేశాడు.

నెల తిరిగి కృపారాణి ఇంటికే వచ్చింది. గూట్లో గోలీలు చూసింది. కోప్పడలేదు. బాలనర్సమ్మ పక్కన గడప మీద కూర్చుని నీళ్లు తాగింది.

"అన్నా, గోలీలు ఏసుకొమ్మని ఇగ నేను చెప్పను. ఒక్కసారి లోపల చూపించుకో. ఇన్నేండ్లు ఆ బీపీ గుండెకాయను ఏం చేసిందో చూద్దాం. చూసినంక నీ ఇష్టం."

"లోపల ఎట్ల సూస్తరు? కోసి సూస్తరా?"

"కొయ్యరు. టీవీల కనవడతది. మా నాయన కోదాడల ఈసీజీ తీస్తడు. నెలకొక్క ఆదివారం గాడికి గుండె డాక్టరమ్మ వస్తది. పైస తీసుకోరు."

మల్సూర్ నవ్వి ఊరుకునేవాడే. కానీ బాలనర్సమ్మ నవ్వలేదు. "జూన్ల మా తమ్ముని బిడ్డ పెండ్లికి చిలుకూరు పోతున్నం గదా. కోదాడ పక్కపొంటే. పోయేటప్పుడు దిగుదాం" అని తేల్చేసింది.

*

కోదాడ బస్టాండుకు కొంచెం దూరంలో ఉంది ఆ చిన్న ఆసుపత్రి. వరండా నిండా బెంచీలు, బెంచీల నిండా మనుషులు. కృపారాణి తండ్రి సత్యానందం సన్నటి మనిషి. అరవై దాటాయి. ముప్పై ఏళ్లు ఈసీజీ తీసి రిటైరయ్యాక కూడా ఆదివారాలు వచ్చి తీస్తుంటాడు.

"మా అమ్మాయి పంపిందా? రావయ్యా. చొక్కా విప్పి పడుకో. భయపడాల్సిందేమీ లేదు, కరెంటు మనం ఇవ్వం. నీ గుండెలో పుట్టే కరెంటునే రాసుకుంటాం" అన్నాడు.

మల్సూర్ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. "నా లోపల కరెంటున్నదా?"

"ఉండబట్టే కదా కొట్టుకుంటోంది."

కాళ్లకూ చేతులకూ క్లిప్పులు, ఛాతీ మీద ఆరు బుడిపెలు. గళ్ల కాగితం మెల్లగా బయటికి జారింది. సత్యానందం దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. కాగితం మీది గీతలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి పోతున్నాయి. కింది వరస గీత లేచి పై వరసను తాకుతోంది. ఆయన సొరుగులోంచి పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే డివైడర్ తీసి గళ్లు కొలిచాడు.

"మిషనే లెక్కకట్టి పైన అచ్చేస్తుంది. అయినా నేను కొలిస్తేగానీ నాకు తృప్తి ఉండదు. ఈ రెండు గీతలూ కలిపి ముప్పై అయిదు చిన్న గళ్లు దాటకూడదు. నీవి నలభై ఎనిమిది."

"ఎక్కువుంటే మంచిదే గదా సారూ?"

సత్యానందం కళ్లజోడు తీసి అతని భుజాల వంక చూశాడు. "బలం ఎక్కువని కాదయ్యా. కష్టం ఎక్కువని. కొందరికి ఈ కాగితం బాగానే ఉంటుంది, లోపల మాత్రం దెబ్బ తగిలి ఉంటుంది. అందుకని కాగితం ఒక్కటే నమ్మకూడదు. నీది కాగితమే అరుస్తోంది. లోపలికి వెళ్లు, డాక్టరమ్మ చూస్తుంది."

లోపలి గదిలో వెలుతురు తక్కువ. డాక్టర్ శ్రీవాణి హుజూర్‌నగర్ ఆడపిల్లే. హైదరాబాదులో పనిచేస్తూ, నెలకోసారి ఇటు వస్తుంది. అతన్ని ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, చల్లటి జెల్లీ రాసి, చేతిలోని పరికరాన్ని పక్కటెముకల సందులో ఆనించింది. తెర ఆమె ముందు ఉంది. మల్సూర్‌కు కనిపించదు.

"మేడం, నాకు సూపిస్తమన్నరు గదా" అన్నాడు.

ఆమె ఒక క్షణం ఆలోచించి తెరను అతని వైపు తిప్పింది.

మొదట అతనికి అది వానలో తడిసిన అద్దంలా కనిపించింది. నలుపు, బూడిద రంగు, మధ్యలో ఏదో కదలిక. తరువాత ఆ కదలికకు ఆకారం వచ్చింది. ఒక గది. గదికి గోడలు. గోడలు దగ్గరికి వచ్చి మళ్లీ దూరం జరుగుతున్నాయి. మధ్యలో రెండు సన్నటి తలుపు రెక్కలు. ఎవరో చప్పట్లు కొడుతున్నట్టు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రెక్కలు అంత పల్చగా ఉన్నాయి, ఒక్క క్షణం కూడా ఆగడం లేదు.

"ఇది నాదేనా?"

"నీదే. ఒక్కసారి ఊపిరి బిగవట్టు."

మల్సూర్ ఊపిరి బిగబట్టాడు. అతని ఛాతీ ఆగింది. పొట్ట ఆగింది. తెర మీద తలుపులు మాత్రం ఆగలేదు. తన మాట వినని వస్తువు ఒకటి తన లోపల ఉందని ఆ క్షణాన అతనికి తెలిసింది. 

"నిద్రవోయినప్పుడు గూడ ఇట్లనేనా మేడం?"

"నిద్రల గూడ. నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నప్పటి నుంచి. రోజుకు లక్ష సార్లు దగ్గర దగ్గర."

"ఒక్కొక్కసారి ఎంత ఎత్తుతది?"

ఆమె ఆ ప్రశ్నకు చెయ్యి ఆపి అతని వంక చూసింది. ఎవరూ అడగని ప్రశ్న అది. "చిన్న టీ గ్లాసంత రక్తం తోస్తది. రోజంత కలిపితే ఏడు వేల లీటర్లు."

మల్సూర్ కళ్లు మూసుకున్నాడు. లీటరుకు కిలో అనుకుంటే ఏడు వేల కిలోలు. డెబ్బై కిలోల బస్తాలు వంద. బాగా సరుకు వచ్చిన రోజు తను మోసేది కూడా దాదాపు అంతే. కానీ తను సాయంత్రానికి తువ్వాల దులిపి ఇంటికి పోతాడు. అమావాస్యకు యార్డు బంద్. పండక్కి బంద్. దీనికి యాభై ఒక్క ఏళ్లలో ఒక్క రోజు, ఒక్క నిమిషం బంద్ లేదు.

"ఇప్పుడు సూడు" అంటూ డాక్టరమ్మ బొమ్మను ఆపింది. గోడకు ఆ పక్కన ఒక చుక్క, ఈ పక్కన ఒక చుక్క పెట్టింది. మధ్యలో గీత పడింది. పక్కన అంకె వచ్చింది. "ఈ గోడ పది మిల్లీమీటర్లు ఉండాలె. నీది పదిహేను."

"గోడ ఎందుకు లావైంది?"

"నీ భుజం ఎందుకు లావైంది?"

మల్సూర్‌కు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అయినా ఆమె చెప్పింది. బీపీ అంటే రక్తనాళాల్లో ఒత్తిడి. ఆ ఒత్తిడికి ఎదురు రక్తాన్ని నెట్టాలంటే గుండె రోజూ ఎక్కువ బరువు ఎత్తుతున్నట్టే. ఎత్తి ఎత్తి దాని కండ పెరిగింది.

"కండ పెరిగితే మంచిదే గద మేడం?"

"పని అయినంక నీ భుజం సడలుతది. ఈ కండ మందమై గట్టివడ్డది, సరిగ సడలుతలేదు. సడలకపోతే లోపలికి రక్తం నిండదు. పై వరసకు ఎక్కితే నీకొచ్చే దమ్ము అదే. వయసు కాదు."

"ఎన్నేండ్ల నుంచి ఇట్ల?"

"చెప్పలేం. పదేండ్లు కావచ్చు, పదిహేను కావచ్చు."

 "పదిహేనేండ్ల సంది ఇది నాకు ఒక్క మాట చెప్పలే" అన్నాడు మల్సూర్ తెర వంకే చూస్తూ.  ఆ మాటలో ఉన్నది భయం కాదు. తన పక్కనే, తన కంటే ఎక్కువ బరువు, ఒక్కసారి కూడా మూలగకుండా మోసిన మనిషిని ఇన్నేళ్లూ గుర్తించలేదని తెలిస్తే వచ్చే బాధ అది.

"దానికి చెప్పడం రాదు. అందుకే మేం చూస్తం" అంది శ్రీవాణి.

"మళ్ల పల్సగయితదా?"

"బీపీ దిగితే దాని మీద బరువు దిగుతది. మెల్లమెల్లగ తగ్గొచ్చు. ఏడాదో, ఏడాదిన్నరో. అందరికీ ఒక్క తీరుగ ఉండదు. గోలీలు మాత్రం ఒక్క పూట తప్పొద్దు."

"ఒక్కసారి మా ఇంటామెను పిలుస్త మేడం. ఆమె గూడ సూడాలె."

బాలనర్సమ్మ వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ తలుపు రెక్కల్ని చూసింది. మంచం మీది మనిషిని చూసింది. మళ్లీ తెరను చూసింది.

"ఎంతుంటదమ్మా ఇది?"

డాక్టరమ్మ పిడికిలి బిగించి చూపింది.

"గింతేనా? ఈ మనిషిని సూసి తట్టంత ఉంటదనుకున్న" అంది బాలనర్సమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెళ్లిలో మల్సూర్ పాటలు వినలేదు, పెద్దగా తినలేదు.  తిరుగు బస్సులో చొక్కా లోపల చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. మునగాల దాటాక, "మేం పన్నెండింటికి బువ్వకు కూసుంటం" అన్నాడు. "అది కూసోదే."

*

ఆ రోజు తరువాత గోలీ ఒక్క పూట తప్పలేదు. బాలనర్సమ్మ పచ్చడి జాడీ పై అటక మీదికి చేర్చింది. కూరలో ఉప్పు తగ్గించింది. మొదట్లో అన్నం మట్టిలా ఉందని విసుక్కున్నాడు, తరువాత అలవాటు పడ్డాడు. ఆగస్టు కల్లా బీపీ నూట ముప్పై ఎనిమిదికి దిగింది. పెద్ద బస్తాలు ఎత్తడం మానమని డాక్టరమ్మ చెబితే ముఠా అతన్ని కాంటా దగ్గర నిలబెట్టింది.

"మల్సూరన్న గుండె సూసొచ్చి బుగులు వడ్డడు" అని కొందరు అన్నారు.

భయం కాదది. అతనికి చూసింది చెప్పకుండా ఉండటం చేతకాలేదు. అన్నాల వేళ షెడ్డు నేల మీది దుమ్ములో వేలితో గుండె గీసేవాడు. నాలుగు గదులు, నాలుగు తలుపులు. ఇక్కడి నుంచి వస్తది, ఇటు పోతది, ఈ గోడ ఇంత ఉండాలె. రోజుకు వంద బస్తాల లెక్క చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. చేతిలో ముద్ద పట్టుకుని తమ ఛాతీల వంక తామే చూసుకున్నారు. ఆ వానాకాలంలో ముఠాలోని ముప్పై ఒక్క మందీ కృపారాణి ముందు కుర్చీలో అయిదేసి నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నారు. పదకొండు మందికి బీపీ తేలింది. ధర్మేందర్‌కు కూడా.

దసరా వెళ్లాక మల్సూర్‌కు సైదయ్య గుర్తొచ్చాడు. సైదయ్య పన్నెండేళ్లు అతని జోడీ. బస్తాకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. ఎనిమిదేళ్ల కిందట మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు పనికి వెళ్లిపోయాడు. ఫోనులో మాట్లాడితే దగ్గు వినిపిస్తోంది. ఒక పొద్దున మల్సూర్ బస్సెక్కాడు.

మిల్లు వెనక రేకుల గదిలో సైదయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బావా అని లేవబోయి లేవలేకపోయాడు.

"మిల్లు దుమ్ము బావా. ఊపిరితిత్తులు పట్టేసినయి."

"దుమ్మేం కాదు" అంది అతని భార్య రాములమ్మ. "నెల సంది ఒరగలేడు. ఒరిగితే దమ్మొస్తది. కూసోనే నిద్రపోతడు. మూడేండ్ల కింద బీపీ అన్నరు, గోలీలు ఇచ్చిన్రు. మంచిగనే ఉన్న గదా అని ఇడిసిపెట్టిండు."

మల్సూర్ చూపు సైదయ్య కాళ్ల మీద పడింది. చెప్పుల పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంది. బయటికి వచ్చి కృపారాణికి ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం కోదాడకు తేనా అని అడుగుదామనుకున్నాడు. ఆమె సగం విని మధ్యలోనే ఆపింది.

"కాలి ఎముక మీద వేలితో ఒత్తి చూడన్నా. గుంట పడతదా?"

లోపలికి వెళ్లి ఒత్తాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఆదివారం దాకా ఆగకు. ఇప్పుడే, ఈ గంటలనే దవాఖానకు తోలుకపో."

మిల్లు సందు నిండా వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటో లోపలికి రాదు. మెయిన్ రోడ్డు రెండు ఫర్లాంగుల దూరం. సైదయ్య పది అడుగులు వేసి ఆగి రొప్పాడు. మల్సూర్ అతని ముందు గొంతుకూర్చున్నాడు. "ఎక్కు" అన్నాడు.

"నిన్ను బరువెత్తొద్దన్నరంట గద బావా."

"నువ్వు బరువా?"

లారీల సందుల్లోంచి నడుస్తుంటే వీపు మీది మనిషి తూకం అతనికి తెలిసిపోయింది. యాభై ఎనిమిది. ఒకప్పుడు డెబ్బై అయిదు ఉండేవాడు. అందులోనూ కొంత నీరే. మెడ మీద సైదయ్య ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తగులుతోంది. ఆ ఛాతీ తన వీపుకు ఆనుకుని ఉంది. దాని లోపలి దడ తన ఎముకలకు వినిపిస్తోంది. మల్సూర్ రెండుసార్లు ఆగాడు, తన కోసం ఒకసారి, అతని కోసం ఒకసారి. మూడో విడతకు ఆటో చేరాడు.

దవాఖానలో సూదిమందు ఇచ్చి ఒంట్లో చేరిన నీరు తీశారు. గుండె సరిగా తోడకపోతే రక్తం వెనక్కి నిలిచి, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకీ కాళ్లలోకీ ఊరుతుందట. మూడో రోజు మధ్యాహ్నం మల్సూర్ టీ తీసుకుని వచ్చేసరికి సైదయ్య వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. దిండు కూడా లేదు. మల్సూర్ గ్లాసు పట్టుకుని మంచం కాళ్ల దగ్గర అలాగే నిలబడ్డాడు. మనిషి వెల్లకిలా పడుకోవడం అంత గొప్ప విషయంగా అతనికి ఎప్పుడూ కనిపించలేదు. టీ చల్లారిపోయింది.

నవంబరులో డాక్టరమ్మ వచ్చే ఆదివారం నేరేడుచర్ల, హుజూర్‌నగర్ల మీదుగా ఇద్దరూ కోదాడ వచ్చారు. ఈసారి మల్సూర్ మంచం పక్కన నిలబడ్డాడు, సైదయ్య పడుకున్నాడు. తెర మీద గది కనిపించింది. తన గది కంటే పెద్దది. గోడలు పల్చగా సాగి ఉన్నాయి. తలుపు రెక్కలు తెరుచుకుంటున్నాయి గానీ ఆ గోడలు దగ్గరికి రావడానికి ప్రయత్నించి, సగంలోనే వదిలేస్తున్నాయి. బస్తా కింద మోకాళ్లు వణికే మనిషిని మల్సూర్ ఎన్నిసార్లు చూడలేదు! చూపు తిప్పుకోలేకపోయాడు.

"మొదట్ల ఇది గూడ నీదాని తీరుగనే మందమై ఉంటది" అంది శ్రీవాణి మెల్లగా. "ఎవరూ చూడలే. మోసి మోసి, ఇగ మొయ్యలేక సాగింది."

"ఇయ్యాల్టికి గూడ ఆగలే గదా మేడం ఇది."

"ఆగలే."

"ఇట్లున్నా ఆగలే" అని మల్సూర్ మళ్లీ అన్నాడు, సైదయ్యకు వినిపించేలా. సైదయ్య తల తిప్పి మొదటిసారి తెర వంక చూశాడు.

మందులతో సైదయ్య గుండె కొంత కోలుకుంది. పూర్తిగా కాదు. బస్తా మాట ఎత్తవద్దని గట్టిగా చెప్పారు. మిల్లు వాళ్లు గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే లారీల నంబర్లు రాస్తాడు. రాత్రి ఒక దిండు మీద పడుకుంటున్నానని ఫోన్‌లో చెబుతుంటాడు.

*

మల్సూర్ మళ్లీ తెర ముందు పడుకున్నది ఆ మరుసటి ఏడాది డిసెంబరులో. మొదటిసారి చూపించుకుని ఏడాదిన్నర అయింది. సత్యానందం కాగితం పరిచి, డివైడర్‌తో కొలిచి, అతని భుజం తట్టి లోపలికి పంపాడు.

శ్రీవాణి గోడ మీద చుక్కలు పెట్టింది. చెరిపేసింది. మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా కొలిచింది. మల్సూర్ ఊపిరి బిగబట్టమని చెప్పకుండానే బిగబట్టాడు.

"పన్నెండున్నర" అంది ఆమె. ఆమె ముఖం వెలిగింది. "తగ్గింది. మంచిగ సడలుతున్నది గూడ. ఇంకా కొంచెం తగ్గొచ్చు."

మల్సూర్ చేతులు జోడించబోయాడు. ఎవరికి జోడించాలో తెలియక, పక్కకు తిరిగి పడుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. తెర మీద ఆ రెక్కలు చప్పట్లు కొడుతూనే ఉన్నాయి.

"దీని సప్పుడు ఇంటవా?" అని అడిగింది శ్రీవాణి. పోయినసారి వినిపించడానికి వీలు పడలేదని, ఒక మీట నొక్కింది.

చప్పుడుతో గది నిండిపోయింది. అతను దడదడలాడే చప్పుడు వస్తుందనుకున్నాడు. అది కాదు. పెద్ద గాలి వీచినట్టు, వాగులో నీళ్లు బండల మీదికి ఎగిసి పడినట్టు, ఒక్కో విసురుకు ఒక్కో అల.  మల్సూర్ కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"జరసేపు ఉండనియ్యున్రి మేడం" అన్నాడు.

బయట ఇరవై మంది వరసలో ఉన్నారు. అయినా శ్రీవాణి ఇంకాసేపు ఉండనిచ్చింది.

వరండాలో కూర్చున్న బాలనర్సమ్మకు ఆ చప్పుడు వినిపించి, తలుపు కొంచెం తోసి తొంగిచూసింది. "ఏం మోటరయ్యా అది? గింత సప్పుడు జేస్తున్నది?"

"నాదే" అన్నాడు మల్సూర్.